ఆడని నాటకానికి చప్పట్లు

పొద్దున్నే పేపరు చదివేవాళ్ళు లోకంలో కోట్లమంది ఉంటారు. పేపరుతో పోట్లాడేవాళ్ళు మాత్రం వీధికి ఒక్కరుంటారు. ఈ వీధిలో ఆ ఒక్కరు కామాగారు. ఆయనకు అసలు పేరు వేరే ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా పేపరాఫీసులో ప్రూఫులు దిద్దుతూ, వాక్యంలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పందే ఊరుకోని మనిషి కాబట్టి ఆఫీసువాళ్ళు ఆ పేరు పెట్టారు. అది మెల్లగా ఇంటిదాకా నడిచొచ్చింది. ఇప్పుడు పాలుపోసేవాడు కూడా "కామాగారిల్లు" అనే అంటాడు.

ఆరింటికల్లా గుమ్మంలో రెండు పేపర్లు పడతాయి. ఒకటి ఆయన పనిచేసేది, అధికార పక్షానికి వంతపాడేది. రెండోది ఎదుటి పక్షానికి వంతపాడేది. కామాగారి లెక్కలో మొదటిది మన పేపరు, రెండోది వాళ్ళ పేపరు. రెండింటినీ వంటింటి బల్ల మీద పక్కపక్కన పరుస్తారు. ఇక మొదలు.

"ఇదిగో చూశావా! మంత్రి ఉద్ఘాటించాడట. మామూలుగా చెప్పడం ఈ జన్మకి చేతకాదా ఈ మనిషికి? ఇంట్లో ఉప్పు అందుకోమని కూడా ఉద్ఘాటిస్తాడా?"

"టీ చల్లారిపోతోంది," అంటుంది భార్య.

"చల్లారనీ. ఈ ఎదుటివాళ్ళ సంగతి చూడు. ఇవాళ నిప్పులు చెరిగారట. నిన్న విరుచుకుపడ్డారు. మొన్న ధ్వజమెత్తారు. ఇంతా చేసి దేని గురించి? రోడ్డు మీద గుంటల గురించి! గుంటలు అలాగే ఉన్నాయి, నిప్పులు మాత్రం చెరిగి చెరిగి అయిపోయాయి."

ఇక సంస్కృతి పేజీ తిప్పారంటే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ పేజీలో ఏ కచేరీ అయినా ఆద్యంతం అలరిస్తుంది. ఏ నాటకమైనా రక్తి కట్టిస్తుంది. ఏ పుస్తకమైనా ప్రతి ఒక్కరూ చదివి తీరాల్సిందే. ఫోటోలో మంత్రి, మంత్రి పక్కన ఆయన బావమరిది, ఆ పక్కన హాలుకు రంగులేయించినాయన, అందరూ పళ్ళికిలించి నిలబడి ఉంటారు. పాడినావిడ మోచెయ్యి ఎక్కడో ఓ మూల కనిపిస్తుంది.

"ఇదెవరి కచేరీయే? మోచేతిదా?" అని అరుస్తారు కామాగారు.

ఆ అరుపు ఒకరోజు భార్యకు విసుగొచ్చేదాకా వెళ్ళింది. "ఇన్ని అబద్ధాలని ఇంత తిడతారు గదా, వాటిని దిద్ది పంపేది మీరే గదండీ?" అని అడిగేసింది.

"నేను దిద్దేది తప్పుల్ని. అబద్ధాలు దిద్దడానికి నాకెవరూ జీతమివ్వరు," అన్నారాయన ఠీవిగా. గురివింద గింజ తన నలుపెరగదంటారు, ఇదిగో ఇందుకే.

కామాగారికి ఒక్కతే చెల్లెలు. నాలుగు వీధుల అవతల బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. స్కూలు యూనిఫాంలు, ప్యాంట్ల మడతలు, జిప్పులు మార్చడం, ఇదీ పని. అందరికీ ఆవిడ టైలరమ్మ. యాభై మూడో ఏట, కొలతలు రాసుకునే నోటుబుక్కును వెనక వైపు నుంచి తెరిచి, ఒక నాటకం రాసింది. పేరు "కిటికీ ఎప్పుడు తీస్తారు?". ఒక ఆఫీసు కిటికీ ముందు ఆరుగురు ఆడవాళ్ళు పొద్దుటినుంచి సాయంత్రం దాకా వరసలో నిలబడతారు. కిటికీ తీయరు. ఈలోగా వాళ్ళు పోట్లాడుకుంటారు, అన్నం డబ్బాలు విప్పి పంచుకుంటారు, ఒకరి మేనల్లుడికి ఇంకొకరి ఆడపడుచు కూతురితో సంబంధం ఖాయం చేస్తారు, వరసకి ఒక నాయకురాల్ని ఎన్నుకుంటారు, మధ్యాహ్నానికల్లా ఆవిడని దింపేస్తారు. వినేవాళ్ళు కడుపు పట్టుకోవాల్సిందే.

ఆడేవాళ్ళు కూడా ఆరుగురే. టైలరమ్మ, ఆస్పత్రి ఆయాలు ఇద్దరు, ఒక పంతులమ్మ, ఒక టిక్కెట్ల గుమాస్తా, అందరికన్నా పెద్దది ఫోనమ్మ. ఫోనమ్మకు డెబ్భై ఒకటి. టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి, గుసగుసగా మాట్లాడినా వెనక బెంచీకి వినిపిస్తుంది. రోజూ సాయంత్రం కుట్టుమిషన్లు ఆగాక, గుడ్డల మూటల మధ్య, కత్తిరింపు బల్లని కిటికీ అనుకుని ఎనిమిది నెలలు సాధన చేశారు.

నగరసభ హాలు ఔత్సాహిక బృందాలకి ఒక్కో సాయంత్రం ఉచితంగా ఇస్తుంది. వరస పెద్దది. ఒకసారి ఆడితే మళ్ళీ వంతు రావడానికి రెండేళ్ళు. టైలరమ్మ వంతు వచ్చింది. తేదీ ఇచ్చారు. వారం రోజుల ముందు హాలు మేనేజరు ఫోన్ చేశాడు.

"మంత్రిగారి చేతుల మీదుగా కొంతమంది కళాసేవకులకి చిన్న సన్మానం ఉందమ్మా. మీ నాటకానికి ముందు పెట్టుకుంటాం. ఒక్క అరగంటే. మీకూ మంచిదేగా, పేపర్లవాళ్ళొస్తారు."

అరగంటే గదా అని టైలరమ్మ ఒప్పుకుంది.

ఇక్కడ ఆ పేపరాఫీసు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. మొదటి పేజీ ఒక్కటే రాత్రి దాకా తెరిచి ఉంటుంది. లోపలి పేజీలన్నీ సాయంత్రం ఐదింటికే అచ్చుకి వెళ్ళిపోతాయి. సభలూ నాటకాలూ మొదలయ్యేది ఆరింటికి. మరి తెల్లారి పేపర్లో వార్త పడాలి గదా? అందుకని, సభ ఫోటో ఆ మర్నాడు వేసుకోవచ్చని, మధ్యాహ్నమే ఆహ్వానపత్రిక ముందు పెట్టుకుని వార్త రాసేస్తారు. దాన్ని వాళ్ళలో వాళ్ళు "ముందే వండటం" అంటారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఎవరు కట్టారో గానీ, ఆ పేజీని చూసే కట్టి ఉంటారు. మూడు దశాబ్దాల్లో ఒకటి రెండు సభలు ఆగిపోయాయి కూడా. అయినా ఎవరూ వచ్చి అడగలేదు. అడగాల్సినవాళ్ళంతా తమ పేరు పేపర్లో చూసుకుని మురిసిపోయారు.

నాటకం రోజున నాలుగింటికి ఆ పేజీ ప్రూఫు కామాగారి బల్ల మీదికొచ్చింది. "నిన్న సాయంత్రం కళాసేవకులను ఘనంగా సన్మానించిన మంత్రి, కళలే జాతికి ఊపిరి అని ఉద్ఘాటించారు. అనంతరం ప్రదర్శించిన నాటికను ఆసాంతం తిలకించి అభినందించారు. నాటిక ప్రేక్షకులను కంటతడి పెట్టించింది." కామాగారికి నవ్వాగలేదు. "నవ్వుల నాటకమండీ బాబూ!" అని, కంటతడి కొట్టేసి కడుపుబ్బ నవ్వించిందని మార్చారు.

సంస్కృతి పేజీ చూసే ఇన్‌చార్జి వెనకనుంచి తొంగిచూశాడు. "మీ చెల్లెలుగారిదట గదా కామాగారూ! చెప్పరేం? కింద రెండు లైన్ల జాగా ఉంది. ఓ మంచి ముక్క మీరే కలిపేయండి."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన్ను ఎవరూ ఒక ముక్క రాయమని అడగలేదు. ఇతరుల వాక్యాల వెనక చీపురు పట్టుకుని నడవడమే సరిపోయింది. పైగా అది చెల్లెలి నాటకం. ఎనిమిది నెలలు కష్టపడింది పిచ్చిది, దానికి మనం కాకపోతే ఎవరు రాస్తారు? ఎర్రపెన్ను తీసి, ఒక్క క్షణం ఆలోచించి రాశారు: "చివర ప్రేక్షకులందరూ లేచి నిలబడి ఐదు నిమిషాల పాటు చప్పట్లు కొట్టారు." నాలుగుసార్లు చదువుకున్నారు. ముచ్చటేసింది. ఆఫీసు రూలు ప్రకారం మూలన సంతకం చేసి, టైము వేశారు, నాలుగూ పది. ఆ తర్వాత మొహం కడుక్కుని, నిజంగా చప్పట్లు కొట్టడానికి హాలుకి బయల్దేరారు.

ఆరయింది, మంత్రి రాలేదు. ఆరున్నరయింది, దారిలో ఉన్నారన్నారు. ఏడయింది, ఇంకా దారిలోనే ఉన్నారు. ఏడూ యాభైకి వచ్చారు. సన్మానం అందుకునేవాళ్ళేమన్నా చిన్న సంఖ్యా, అరవై ముగ్గురు! ఒక్కొక్కరికీ పూలగుచ్ఛం, ఒక్కొక్కరికీ జ్ఞాపిక, ఒక్కొక్కరితో ఫోటో. కళ్ళు మూసుకున్నారని కొందరితో రెండేసి ఫోటోలు. ఆపైన మంత్రిగారు మైకు పట్టుకుని, కళాకారులకు మనం ఎంత సమయం ఇచ్చినా తక్కువేనని ఇరవై నిమిషాలు చెప్పారు. తెర వెనక ఆరుగురు ఆడవాళ్ళు ఐదున్నర నుంచి మొహాలకి రంగేసుకుని, చెమటకి అది కారిపోతుంటే అద్దుకుంటూ నిలబడ్డారు.

మంత్రి వెళ్ళారు. ఆయన వెనకే అరవై ముగ్గురూ, వాళ్ళ చుట్టాలూ వెళ్ళిపోయారు. అప్పటికి పన్నెండు నిమిషాలు తక్కువ తొమ్మిది. తొమ్మిదికి హాలు మూసేయాలి. మేనేజరు వచ్చి చేతులు జోడించాడు. "నేనేం చేసేదమ్మా, టైము టైమే గదా."

"మంత్రికి లేదే ఆ టైము!" అంది టైలరమ్మ.

వాచ్‌మన్ ఒక్కో స్విచ్చీ ఆర్పుకుంటూ వచ్చాడు. అట్టతో చేసిన కిటికీని ఆయాలిద్దరూ పట్టుకుని బయటికి మోశారు. ఫోనమ్మ మెట్ల మీద కూలబడి, "ఎనిమిది నెలల నుంచీ ఇదే ఆడుతున్నాం గదే, నిజంగానే తీయలేదు చూడు కిటికీ!" అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయి, "రెండేళ్ళకి నేనుంటానో లేదోనే," అంది.

బస్సులో ఇంటికొస్తుంటే కామాగారికి చటుక్కున గుర్తొచ్చింది. పేజీ! వెంటనే ఇన్‌చార్జికి ఫోన్ చేశారు.

"ఐదింటికే పోయింది గదండీ అచ్చుకి. మీకు తెలియందేముంది కామాగారూ?" అన్నాడతను నింపాదిగా.

తెల్లారింది. మన పేపర్లో మంత్రిగారి పాత ఫోటో, ఆ కింద వార్త, వార్త చివర ఐదు నిమిషాల చప్పట్లు. వాళ్ళ పేపరు ఇంకో అడుగు ముందుకేసింది. "సర్కారుకు నాటిక చురకలు, మధ్యలోనే నిష్క్రమించిన మంత్రి" అని పెద్దక్షరాలు. మర్నాడు మన పేపర్లో అధికార పక్షం ప్రతినిధి ఆ నాటకం మీద మండిపడ్డాడు. ఆ మర్నాడు వాళ్ళ పేపర్లో కళాస్వేచ్ఛ మీద సంపాదకీయం, రెండు కాలమ్‌లు. ఆదివారం ఒక విమర్శకుడు తీరిగ్గా కూర్చుని, రెండో అంకంలో కథనం కాస్త కుంటుపడిందని తేల్చాడు. ఔరా! నాటకంలో ఉన్నదే ఒక్క అంకం. ఆ ఒక్కటీ ఆడనే లేదు. ఆడని నాటకంలో లేని అంకం ఎలా కుంటుతుందండీ? వీళ్ళకి అన్నం ఎలా సయిస్తుంది? రోడ్డు మీద జేబు కొట్టేసినవాణ్ణి నలుగురూ కలిసి తంతారు. పేపరు నిండా మనకి కాకమ్మ కథలు చెప్పినవాడికి మాత్రం మళ్ళీ నెలకి చందా కడతాం.

టైలరమ్మకి కొట్టులో కూర్చోడమే కష్టమైంది. ఒకావిడ వచ్చి, "మా ఆయన గవర్నమెంటు ఉద్యోగి అమ్మా, ఏమనుకోకు," అని కుట్టకుండా ఉన్న యూనిఫాం గుడ్డ వెనక్కి పట్టుకుపోయింది. మధ్యాహ్నం ఎదుటి పార్టీవాళ్ళు నలుగురు పూలగుచ్ఛం పట్టుకుని దిగారు.

"మీ ధైర్యానికి అభినందనలమ్మా."

"నేనసలు నోరే విప్పలేదయ్యా!"

"అదేనమ్మా, ఆ మౌన నిరసనే మాకు నచ్చింది," అని ఫోటో తీసుకుని వెళ్ళారు.

వీధంతా నవ్వుకుంది. టైలరమ్మకి మాత్రం నవ్వు రాలేదు. చురకలూ సంపాదకీయాలూ ఆవిడకి అక్కర్లేదు. ఆవిడకి కావలసింది హాల్లో ఒక్క సాయంత్రం. పంతులమ్మకి వేసవి తర్వాత బదిలీ అంటున్నారు, ఫోనమ్మ మోకాళ్ళు రోజురోజుకీ మొరాయిస్తున్నాయి. రెండేళ్ళాగితే ఆరుగురిలో ముగ్గురు కూడా మిగలరు. అన్నయ్యని వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికెళ్ళింది.

మేనేజరు పెద్ద రిజిస్టరు తెరిచాడు. ఒక్కో తేదీ పక్కన ఒక్కో పేపరు కటింగు అంటించి ఉంది. "హాలు వాడుకున్నారనడానికి ఇదే మాకు రుజువమ్మా. మీ వంతు అయిపోయింది."

"మీరు అక్కడే ఉన్నారు గదండీ! కళ్ళారా చూశారు గదా!"

"చూశానమ్మా, కాదన్నానా? నేను చూసినట్టు ఫైలుకి తెలీదు. ఫైలుకి తెలిసింది కాగితమే." వేలు పెట్టి చదివాడు. "ప్రేక్షకులందరూ లేచి నిలబడి ఐదు నిమిషాల పాటు చప్పట్లు కొట్టారు. ఇంత స్పష్టంగా ఉంటే నేనేం చేసేది? జరగలేదని వాళ్ళ చేతే రాయించుకురండి, అప్పుడు చూద్దాం."

కామాగారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. బయటికొచ్చాక చెల్లెలు ఆగలేదు.

"ఏ దరిద్రుడు రాశాడో గానీ అన్నయ్యా, వాడి చెయ్యి విరిగిపోను! ఐదు నిమిషాలట! గడియారం పట్టుకు కూర్చున్నాడు కాబోలు వెధవ!"

కొట్టు దగ్గర చెల్లెలు తాళం తీసి, షట్టరు పైకెత్తి, లోపలికి అడుగు పెట్టబోతుంటే అన్నారు కామాగారు.

"నేనేనే."

"నువ్వేంటి?"

"ఆ ముక్క రాసిన వెధవని. నాలుగూ పదికి రాశాను. నీకు బాగుంటుందని."

టైలరమ్మ తాళం చేతిలో పట్టుకుని అలాగే చూసింది. "నాటకం చూడకుండానే?"

"బాగుంటుందని తెలుసు గదే."

"ఎలా తెలుసు? ఎనిమిది నెలల్లో ఒక్కరోజు, ఒక్క రోజన్నయ్యా, ఇటు తొంగిచూశావా? నాలుగు వీధులేగా? పొద్దున్నే పేపర్లని తిట్టడానికి గంటన్నర ఉంటుంది నీకు. చెల్లెలేం రాసిందో వినడానికి అరగంట లేకపోయింది. వాళ్ళు ఆహ్వానపత్రిక చూసి రాశారు, నువ్వు నా మొహం చూసి రాశావు. ఏంటి తేడా?"

ముప్పై ఒక్క ఏళ్ళు ఇతరుల అబద్ధాల మీద అరిచిన మనిషి, తన అబద్ధం దగ్గరికొచ్చేసరికి సిగ్గుతో చచ్చిపోయారు.

"నీ చప్పట్లు నాకొద్దు," అంది టైలరమ్మ, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని. "నా సాయంత్రం నాకు కావాలి. ఎలా తెస్తావో తీసుకురా."

మర్నాడు ఆయన మూడు లైన్ల సవరణ రాసి ఇన్‌చార్జి బల్ల మీద పెట్టారు. ఫలానా నాటిక ప్రదర్శన జరగలేదు, పొరపాటుకు చింతిస్తున్నాం.

"సవరణా?" ఇన్‌చార్జి ఆశ్చర్యపోయాడు. "తిట్టినవాటికి అడుగుతారు గానీ, పొగిడినదానికి సవరణేంటండీ? లోకంలో ఎక్కడన్నా ఉందా?"

"జరగలేదండీ బాబూ! అసలు జరగనే లేదు!"

"జరగలేదని వేస్తే, మరి మంత్రిగారు ఆసాంతం తిలకించింది దేన్నంట? వాళ్ళ పేపరువాళ్ళు మనల్ని ఉతికి ఆరేస్తారు."

"వాళ్ళూ జరిగిందనే గదా రాశారు?"

"అదే నేననేది కామాగారూ!" అని ఇన్‌చార్జి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "రెండు పేపర్లూ ఒకే మాట మీదకొచ్చింది ఈ ఒక్క విషయంలోనే. నా సర్వీసులో ఇదే మొదటిసారి. ఎందుకండీ చెడగొట్టడం?"

కామాగారు ఎడిటరు గదిలోకెళ్ళారు. ఎడిటరు మర్యాదస్తుడు, కూర్చోమన్నాడు, మంచినీళ్ళిచ్చాడు, చివర్న "మీకింకా రెండేళ్ళ సర్వీసుంది గదూ?" అని మెత్తగా అడిగాడు. దాని అర్థం కామాగారికి తెలియంది కాదు. ఉడుకుమోత్తనంతో వాళ్ళ పేపరాఫీసు మెట్లు కూడా ఎక్కారు. "జరగలేదంటే మా సంపాదకీయం ఏమైపోవాలండీ?" అన్నారక్కడ. తిలా పాపం తలా పిడికెడు. అందరి చేతికీ అంటింది కాబట్టి ఎవరూ కడుక్కోరు.

ఆ సాయంత్రం ఆయన ప్రూఫులు కట్టలు కట్టి పడేసే గదిలోకెళ్ళారు. రోజూ తన చేత్తో కట్టే కట్టలే, వెతకడం ఎంతసేపు? ఆ కాగితం దొరికింది. కింద ఎర్రసిరాతో ఐదు నిమిషాల చప్పట్లు, మూలన తన సంతకం, తేదీ, నాలుగూ పది. మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంట్లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉత్తరం రాశారు.

"ఈ వాక్యం రాసింది నేను. నాలుగు గంటల పది నిమిషాలకు రాశాను. నాటకం మొదలవ్వాల్సింది ఆరున్నరకు. నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. ఇది అబద్ధం."

భార్య భుజం మీదుగా చదివింది. "ఉద్యోగం పోతుందేమోనండీ."

"పోతుంది."

ఆవిడ లేచి టీ పెట్టింది. ఆ పూట మాత్రం వేడివేడిగా తాగారు.

హాలు మేనేజరుకి ఆ కాగితాలు చూసి చెమటలు పట్టాయి. "ఇది ఫైల్లో పెడితే గొడవండీ. ఇంతకు ముందు కటింగుల సంగతేంటని అడుగుతారు పైవాళ్ళు."

"ఫైలుకి తెలిసింది కాగితమే అన్నారు గదా. ఇదిగో కాగితం. పెట్టండి. పెట్టి, మీకు ముట్టినట్టు నాకు సంతకం చేసివ్వండి," అన్నారు కామాగారు. కదలకుండా అక్కడే నిలబడ్డారు. మేనేజరు మింగలేక కక్కలేక సంతకం చేశాడు. పైవాళ్ళు ముగ్గురు కూర్చుని, ఈ వ్యవహారం ఎంత తొందరగా ముగిస్తే అంత మంచిదనుకుని, మూడు వారాల తర్వాత ఒక సోమవారం మధ్యాహ్నం మూడింటికి హాలిచ్చారు. సాయంత్రం కాదు, ఎవరూ అడగని పూట. ఐతేనేం, కిటికీ తెరిచారు.

ఆ ఉత్తరం సంగతి పేపరాఫీసుకి పాకింది, ఇచ్చిన నాలుగో రోజున ఆఫీసు గేటు దగ్గర కామాగారిని ఆపేశారు. ఉద్యోగంలోంచి తీసేశామని కాగితం ఇచ్చారు. ఆఫీసుకు చెందిన పత్రాన్ని అనుమతి లేకుండా బయటికి తీసుకెళ్ళినందుకట! అబద్ధం రాసిన రోజున భుజం తట్టారు. అది అబద్ధమని చెప్పిన రోజున దొంగన్నారు. ఇదండీ ముప్పై ఒక్క ఏళ్ళకి దక్కింది. కళ్ళద్దాల డబ్బా, రెండు ఎర్రపెన్నులు, మంచినీళ్ళ సీసా ఒక సంచిలో వేసి గేటు బయటికే పంపించారు. లోపలికెళ్ళి తన కుర్చీని ఓసారి చూసుకుందామన్నా కుదర్లేదు. ఆ సంచి పట్టుకుని ఆయన ఇంటికి పోలేదు, తిన్నగా చెల్లెలి కొట్టుకి పోయారు. ఆవిడ సంచీ చూసింది, మొహం చూసింది, అంతా అర్థమైంది.

"రా అన్నయ్యా, ఆ మూట మీద కూర్చో. నోరు మూసుకుని చూడు," అంది.

మూడు వారాలు ఆయన రోజూ వెళ్ళారు. నోటుబుక్కు పట్టుకుని, మాట మర్చిపోయినవాళ్ళకి అందించారు. మొదటి రెండు రోజులూ సూచనలు చెప్పబోయి చీవాట్లు తిన్నారు. మూడో రోజు నుంచి నవ్వడం మొదలుపెట్టారు.

సోమవారం మూడింటికి నూటనలభై మంది వచ్చారు. కొట్టు ఖాతాదార్లు, డ్యూటీ దిగిన ఆయాలు, పంతులమ్మ తోటి పంతులమ్మలు, ఫోనమ్మతో ఒకప్పుడు ఎక్స్ఛేంజిలో పనిచేసిన ముసలివాళ్ళు ఏడుగురు. గవర్నమెంటు ఉద్యోగి భార్య కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. నాయకురాల్ని దింపేసే చోట ఫోనమ్మ మాట మర్చిపోయింది. కామాగారు పక్కనుంచి అందించబోయారు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, నాయకురాలి వైపు ఎగాదిగా చూసి, "నువ్వూ దారిలోనే ఉన్నావుటే?" అంది. ఆ రోజు మంత్రి కోసం కాచుకున్నవాళ్ళే హాల్లో సగం మంది. పైకప్పు లేచిపోయింది. ఒకాయన నవ్వి నవ్వి దగ్గు పట్టుకుని బయటికెళ్ళి, ఏమన్నా పోగొట్టుకుంటానేమోనని దగ్గుకుంటూనే లోపలికొచ్చాడు.

తెర పడ్డాక టైలరమ్మ రంగు మొహంతో అన్నయ్య దగ్గరికొచ్చింది. "ఎలా ఉంది?"

"డబ్బాలు విప్పే చోట కాస్త సాగింది," అన్నారు కామాగారు. "సంబంధం కుదిర్చే చోట నీ మాట సగం మందికి వినపడలేదు. మిగతాదంతా... ఎలా రాశావే తల్లీ ఇది? నా చెల్లెలికి ఇంత తెలుసని నాకు తెలీదే!" అని కండువాతో కళ్ళొత్తుకున్నారు. ఆవిడ ఆ సాగిన సంగతి నోటుబుక్కులో అప్పుడే రాసుకుంది.

మర్నాడు ఆరింటికి గుమ్మంలో పేపర్లు లేవు. ఆఫీసు ఇచ్చేవి ఉద్యోగంతోటే ఆగిపోయాయి. కామాగారు వీధి చివరకెళ్ళి రెండూ కొనుక్కొచ్చుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, చావుకబుర్ల ప్రకటనలతో సహా గాలించారు. మన పేపరు సంస్కృతి పేజీలో మంత్రిగారు ఎక్కడో చిత్రకళా ప్రదర్శన ప్రారంభించారు, అది ఆద్యంతం అలరించింది. వాళ్ళ పేపర్లో ఎదుటి పార్టీ నాయకుడు ఆ ప్రదర్శన మీద నిప్పులు చెరిగాడు. నాటకం గురించి ఒక్క అక్షరం లేదు.

ఆయన రెండు పేపర్లూ నలిపి చంకలో పెట్టుకుని నాలుగు వీధులూ ఒక్క ఊపులో దాటారు.

"చూశావా! చూశావా వీళ్ళ పాపం! ఆడనప్పుడు సంపాదకీయాలు రాశారు. లేని అంకానికి విమర్శలు రాశారు. నిన్న నూటనలభై మంది కళ్ళారా చూస్తే, మధ్యాహ్నం మూడింటికే ఆడితే, ఒక్క ముక్క! ఒక్క ముక్క లేదే! మనుషులేనా వీళ్ళు?"

టైలరమ్మ నోట్లోంచి గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టింది.

"పోనీలే అన్నయ్యా, ఎందుకలా రొప్పుతావు? రాయకపోవడమే మంచిదైంది. రాసుంటే, జరగలేదేమో అనుకునేవాళ్ళు జనం."